98 శాతం చూసి నేను అడగని ప్రశ్న

అక్టోబరు చివర్లో ఒక ఆదివారం. మావాడు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, దసరాకి ఊళ్లో తీసిన మిరప ఆకు ఫొటో ఒకటి అందులో వేశాడు. స్క్రీన్ మీద రంగు గీత చివరిదాకా నిండింది. పరీక్షలో మోడల్‌కి 98 శాతం వచ్చిందని కూడా చూపించాడు.

మన ఇళ్లలో 98 అనే అంకెకు ఉన్న గౌరవం మీకు తెలుసు. యూనిట్ టెస్ట్ పేపర్ మీద ఆ అంకె కనబడితే నేను రెండో పేజీ కూడా తిప్పను. ఆ రోజూ అంతే. "శభాష్‌రా" అనేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. నెల తిరక్కుండానే ఆ 98ని నమ్మినందుకు మా నాన్నకు మందు ఖర్చు దండగైంది, చేలో ఒక వారం పోయింది. పొరపాటు పిల్లాడిది కాదు, నాది. సాటి తల్లిదండ్రులకు చెబితే పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మావాడు మన స్కూల్లోనే ఎనిమిదో తరగతి. డిసెంబరులో సైన్స్ ఎగ్జిబిషన్ ఉందని, ఫొటో చూసి మిరప ఆకు జబ్బు చెప్పే ప్రాజెక్టు చేస్తానన్నాడు. మా నాన్నది సత్తెనపల్లి వైపు పల్లెటూరు. మూడెకరాల మిరప. మిరప రైతుకు ఆకు ముడుచుకుందంటే గుండెలో రాయి పడినట్టే. 2021లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు చేలను ఎలా ఊడ్చిపెట్టిందో అక్కడివాళ్లకు ఇంకా కళ్లముందే ఉంది.

ముడతలో రకాలున్నాయి. తామర పురుగు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి లేచి దోనెలా అవుతుంది. దాన్ని పై ముడత అంటారు. నల్లి పడితే అంచులు కిందికి తిరిగి, దోనెను బోర్లించినట్టు ఉంటుంది. అది కింది ముడత. చూడ్డానికి రెండూ ముడతలే గానీ తామర పురుగు వేరు, నల్లి వేరు. ఒకదానికి పనిచేసే మందు చాలాసార్లు రెండోదానికి పనిచేయదు. అందుకే ముందు ఏ ముడతో తేల్చుకోవాలి.

దసరా సెలవుల్లో మావాడు నా ఫోన్ పట్టుకుని చేను చుట్టూ తిరిగాడు. మూడు రకాల ఫొటోలు తీశాడు: పై ముడత, కింది ముడత, మంచి ఆకు. ఇంటికొచ్చాక గూగుల్ వాళ్ల టీచబుల్ మెషీన్ అనే ఉచిత వెబ్‌సైటులో ఒక్కో రకానికి ఒక్కో పేరు పెట్టి, ఫొటోలు ఎక్కించి, ట్రైన్ అన్న బటన్ నొక్కాడు. ఒక్క లైను ప్రోగ్రామ్ కూడా రాయలేదు. నేను టీ కాచుకుని వచ్చేలోపు మోడల్ తయారైంది.

మూడు నాలుగు వందల ఫొటోలతో కంప్యూటర్ అంత తొందరగా ఎలా నేర్చుకుందని నాకు ఆశ్చర్యం వేసింది. తర్వాత మావాడే చెప్పాడు. అది అ ఆల దగ్గర నుంచి మొదలుపెట్టదు. అమెరికాలో ఫేఫే లీ అనే ప్రొఫెసరు, ఆమె బృందం కలిసి ఇమేజ్‌నెట్ అని ఒక పెద్ద ఫొటోల భాండారం కట్టి 2009లో బయటపెట్టారు. అది పెరిగి పెరిగి కోటీ నలభై లక్షల ఫొటోలు దాటింది. అందులోని లక్షల ఫొటోలు చూసి అంచులు, గీతలు, రంగులు, గరుకుతనం గుర్తుపట్టడం ముందే నేర్చుకున్న మొబైల్‌నెట్ అనే మోడల్ ఒకటి ఈ వెబ్‌సైటు వెనకాల ఉంటుంది. మనం ఇచ్చే ఫొటోలతో జరిగేది చివరి మెట్టు మాత్రమే: "ఇలాంటి పోలికలుంటే ఈ పేరు పెట్టు" అని నేర్పడం. చదవడం వచ్చిన పిల్లాడికి కొత్త పాఠం చెప్పడం లాంటిది. అందుకే తక్కువ ఫొటోలు సరిపోతాయి. అందుకే ఆ తక్కువ ఫొటోల్లో ఏముందన్నది అంత ముఖ్యం. ఈ రెండో ముక్క అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

నవంబరు రెండో వారంలో నాన్న ఫోన్ చేశారు. తూర్పు వైపు ఎకరంలో ముడత కనబడుతోందట. మామూలుగా అయితే ఆయన నన్ను అడిగే మనిషి కాదు. కానీ అప్పటికి పది రోజుల కిందటే కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. దుమ్ములోకి వెళ్లొద్దన్నారు డాక్టరు. పనికి వచ్చే మనిషి నాలుగు ఆకులు కోసుకొస్తే అమ్మ వాటిని అరుగు మీద పెట్టి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపింది. "మనవడి మిషనుకు చూపించండి" అన్నారు నాన్న, సగం సరదాగా, సగం నమ్మకంగా.

మావాడు ఫొటో ఎక్కించాడు. కింది ముడత, 96 శాతం.

వాడు వెంటనే సంతోషపడలేదు. ఫొటో పెద్దది చేసి చూస్తూ, "అమ్మా, అంచులు పైకి లేచినట్టు లేవూ?" అన్నాడు. ఆకులు చేతిలో నలిగి ఉన్నాయి. నాకూ సరిగ్గా తెలియలేదు. నేనన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "98 వచ్చిన మోడల్ కదరా, నీకంటే దానికే బాగా తెలుస్తుందిలే." వాడు ఇంకేమీ అనలేదు. నేనే నాన్నకు ఫోన్ చేసి నల్లి అని చెప్పాను. ఆయన మర్నాడే నల్లి మందు కొట్టించారు.

వారం తర్వాత నాన్న చెకప్‌కి వెళ్లి, చేలోకి వెళ్లొచ్చని చెప్పించుకుని, ముందు ఆ ఎకరం దగ్గరికే వెళ్లారు. ముడత తగ్గకపోగా పక్క సాళ్లకు పాకింది. జేబులోంచి తెల్ల కాగితం తీసి, కొమ్మ వంచి దాని మీద తట్టారు. సన్నటి పురుగులు కాగితం మీద పాకాయి. తామర పురుగే. అంటే పై ముడత. కొట్టించిన మందు దండగ.

ఆ రాత్రి ఫోన్‌లో ఆయన కోప్పడలేదు. "వారం పోయిందమ్మా, అంతే. రేపు సరైన మందు కొట్టిస్తా. పిల్లాడిని ఏమీ అనకు" అన్నారు. పక్కనే ఉన్న మావాడు విన్నాడు. భోజనం చేయకుండా పడుకున్నాడు. పొద్దున లేచి, ఎగ్జిబిషన్‌లో పేరు తీసేయమని టీచర్‌కి డైరీలో రాసివ్వమన్నాడు. నేను రాయలేదు. ఆదివారం ఇద్దరం విజయవాడ నుంచి ఊరికి బస్సెక్కాం.

నాన్న అరుగు మీదే కూర్చున్నారు. "మిషను తెచ్చావా? పెట్టు, చూద్దాం" అన్నారు. మావాడు ఫోన్ నుంచి నెట్ తీసుకుని ల్యాప్‌టాప్ తెరిచి, కెమెరా అరుగు వైపు తిప్పాడు. పై ముడత ఆకు పెట్టాడు. కింది ముడత అంది. మంచి ఆకు పెట్టాడు. కింది ముడత అంది. నాన్న తన కళ్లజోడు పెట్టె తీసి అరుగు మీద పెట్టారు. కింది ముడత, 94 శాతం! అమ్మ మంచినీళ్ల గ్లాసు పెట్టింది. దానికీ కింది ముడతే. వారం రోజులుగా ముఖం ముడుచుకున్న మావాడు మొదటిసారి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, అన్నీ తీసేసి ఖాళీ అరుగు చూపించాడు. కింది ముడత.

"అమ్మా, ఇది ఆకుని చూడట్లేదు. అరుగుని చూస్తోంది."

సంగతి ఏమిటంటే, దసరాకి నాన్న చేలో నల్లి లేదు. కాలవ అవతలి చేలోంచి కింది ముడత ఆకులు కోసుకొచ్చి, సాయంత్రం పూట అరుగు మీద పరిచి ఫొటోలు తీశాడు మావాడు. పై ముడత ఫొటోలన్నీ పొద్దున పూట చేలో, నల్లరేగడి మట్టి కనబడేలా తీసినవి. మంచి ఆకులు చెట్టు మీదే తీశాడు. మోడల్‌కి మనం "అంచులు చూడు" అని చెప్పలేదు. మూడు కుప్పలిచ్చి తేడా కనుక్కోమన్నాం. అది అన్నిటికంటే తేలికైన తేడా పట్టుకుంది: బూడిదరంగు సిమెంటు కనబడితే కింది ముడత. తప్పు వెబ్‌సైటుది కాదు. మేమిచ్చిన ఫొటోలకు అది సరిగ్గానే నేర్చుకుంది.

మరి 98 ఎలా వచ్చింది? ఈ వెబ్‌సైటు మనమిచ్చిన ఫొటోల్లో 85 శాతంతో నేర్చుకుని, మిగతా 15 శాతం పక్కన పెట్టి తనను తాను పరీక్షించుకుంటుంది. పద్ధతి మంచిదే. కానీ మావాడు ఒక్కో ఆకుకి వరసగా ఇరవై ముప్ఫై ఫొటోలు కొట్టాడు. కాబట్టి పరీక్షకు వచ్చినవి నేర్చుకున్నవాటి కవలలే. ఇంట్లో చేయించిన లెక్క అంకెలు కూడా మారకుండా పరీక్షలో వస్తే పిల్లలకు ఎన్ని మార్కులు వస్తాయో, మోడల్‌కీ అన్నే వచ్చాయి.

గీత పక్కన కనబడే శాతం సంగతి ఇంకొకటి. అది నిజమెంతో చెప్పే అంకె కాదు. ఉన్న మూడు పేర్లకే నూరు శాతాన్ని పంచి చూపిస్తుంది. "నాకు తెలియదు" అనే నాలుగో పేరు మనం ఇవ్వలేదు. కళ్లజోడు పెట్టె చూపించినా మూడింట్లో ఒకటి చెప్పక తప్పదు. తెలియదని చెప్పే వీలు లేనివాడు ధైర్యంగా తప్పు చెబుతాడు. మనుషులకీ అంతే కదా.

ఈ పొరపాటు పిల్లలదే అనుకోకండి. 2016లో అమెరికా, స్విట్జర్లాండ్ పరిశోధకులు ప్లాంట్‌విలేజ్ అనే భాండారంలోని 54,306 ఆకు ఫొటోలతో ఒక మోడల్‌ని తయారుచేశారు. 14 పంటలు, 26 జబ్బులు. అదే భాండారంలోంచి పక్కన పెట్టిన ఫొటోల మీద 99.35 శాతం సరిగ్గా చెప్పింది. ఆ ఆకులన్నీ కోసి, ఒకే రకం కాగితం మీద పెట్టి తీసినవి. వేరే చోట, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇచ్చేసరికి అది 31 శాతం చిల్లరకు పడిపోయింది. వాళ్లు ఆ రెండో అంకెనూ దాచకుండా తమ వ్యాసంలో రాశారు. మావాడికి నేను అది చదివి వినిపించాను. పేరు తీసేయమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ పూట నుంచి గురువు మా నాన్న. "ఆకు ఒక్కటే మారాలి, మిగతావన్నీ అందరికీ సమానంగా ఉండాలి" అని మావాడు సూత్రం చెబితే, దాన్ని చేలో ఎలా చేయాలో ఆయన చూపించారు. ప్రతి రకం ఆకునూ చెట్టు మీద, అరచేతిలో, తువ్వాలు మీద, అరుగు మీద తీశారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీశారు. ఒక చెట్టుకి రెండు ఫొటోలే, ఆ తర్వాత ఇంకో చెట్టు. నా ఫోన్‌తో కొన్ని, అమ్మ పాత ఫోన్‌తో కొన్ని. "బాగా ముడుచుకున్న ఆకు ఎవడైనా చెబుతాడు. అప్పుడే మొదలైన ఆకులు తియ్యి. రైతుకు కావాల్సింది అక్కడే" అన్నారు నాన్న. నాలుగో కుప్పకు మావాడు "ఇవేవీ కావు" అని పేరు పెట్టాడు. అందులో ఖాళీ అరుగు, మట్టి, గ్లాసు, కళ్లజోడు పెట్టె, కలుపు మొక్కలు.

రెండు ఆదివారాలు పట్టింది. పరీక్షకు మాత్రం ఫొటోలు మావాడు తీయలేదు. ఊళ్లో ఇంకొకాయన చేలో, ఆయన ఫోన్‌తోనే 60 ఫొటోలు తీయించాడు. వాటిని మోడల్‌కి నేర్చుకోవడానికి ఇవ్వలేదు. ఒక్కోటీ చూపించి నోటుపుస్తకంలో రాసుకున్నాడు. 60కి 43 సరి. నూటికి దాదాపు 72.

వాడి ముఖం చిన్నబోతుందేమోనని చూశాను. లేదు. వాడు అప్పటికే గళ్లు గీసి, ఏ ఆకుని ఏదని పొరబడిందో నింపుకుంటున్నాడు. ఎక్కువ తప్పులు ఒక్కచోటే ఉన్నాయి: అప్పుడే మొదలైన పై ముడతను మంచి ఆకు అంటోంది. కారణం కూడా వాడే పట్టుకున్నాడు. ఈ వెబ్‌సైటు ప్రతి ఫొటోనూ 224 చుక్కల వెడల్పు, 224 చుక్కల ఎత్తుకు కుదించి చూస్తుంది. మిల్లీమీటరు పొడవుండే తామర పురుగు అందులో ఎక్కడ కనబడుతుంది? తాతయ్య తెల్ల కాగితం మీద చూసేది ఈ మోడల్‌కి కనబడే వీలే లేదు.

ఎగ్జిబిషన్‌లో మావాడి చార్టు మీద పైన 72 శాతం అని రాసి, దాని కింద పెద్ద అక్షరాలతో "ఇది ఎక్కడ తప్పుతుంది" అని ఒక గడి పెట్టాడు. బల్ల మీద ల్యాప్‌టాప్ పక్కన ఒక తెల్ల కాగితం కూడా ఉంచాడు. బహుమతి రాలేదు. చూడ్డానికి వచ్చిన ఒక నాన్నగారు మాత్రం చాలాసేపు నిలబడి, "మరి దీన్ని నమ్మి మందు కొట్టొచ్చా?" అని అడిగారు. "కొట్టకూడదండీ. ఏ చెట్టు దగ్గరికి వెళ్లి చూడాలో చెప్పడానికే పనికొస్తుంది" అన్నాడు మావాడు. పక్కనున్న నాకు గొంతులో ఏదో అడ్డం పడింది.

మీ పిల్లలు ఇలాంటిది చేస్తామంటే తప్పకుండా చేయనివ్వండి. ఆకులే కానక్కర్లేదు. పప్పుల రకాలు, నాణేలు, ఇంట్లో చెత్తను తడిది పొడిది వేరు చేయడం, ఏదైనా సరే. మా అనుభవంలోంచి నాలుగు మాటలు:

ఫొటోలు ఎన్ని అన్నదానికంటే ఎన్ని రకాలుగా తీశారన్నది చూడండి. ప్రతి రకాన్నీ అన్ని చోట్లా, అన్ని వెలుతుర్లలోనూ తీయించండి.

పరీక్షకు వేరే మనిషి, వేరే చోట తీసిన ఫొటోలు దాచిపెట్టండి. నేర్పించడానికి వాటిని ముట్టుకోవద్దు.

"ఇవేవీ కావు" అనే గంప ఒకటి తప్పక పెట్టించండి.

స్నేహితుల ముఖాలతో చేస్తామంటే వద్దనండి. ఈ వెబ్‌సైటులో ట్రైనింగ్ మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది. మనం సేవ్ చేస్తే, లేదా మోడల్‌ని ఆన్‌లైన్‌లో పెడితే తప్ప బయటికి వెళ్లదు. అయినా వేరే పిల్లల ఫొటోలు వాళ్ల తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే వాడాలి.

ఐదో మాట పిల్లలకు కాదు, నాకు నేను చెప్పుకున్నది. ఆ రోజు మావాడు "అంచులు పైకి లేచినట్టు లేవూ?" అని అడిగినప్పుడు వాడి కళ్లు సరిగ్గానే చూశాయి. ఒక అంకె చూపించి వాడి నోరు మూయించింది నేను. 98 ఎక్కడి నుంచి వచ్చింది, దేని మీద పరీక్షించావు అని ఆ ఆదివారం ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, లోపం ఇంట్లోనే బయటపడేది. పోయిన నెల పీటీఎంలో ప్రోగ్రెస్ కార్డు చేతికొచ్చినప్పుడు కూడా నా కళ్లు ముందు అంకెల మీదికే వెళ్లాయి. అలవాటు అంత తేలిగ్గా పోదు. కానీ ఇంటికొచ్చాక "ఏ పాఠంలో నీకింకా అనుమానం ఉంది?" అని అడిగాను. వాడు కాసేపు నన్ను అనుమానంగా చూసి, తర్వాత అరగంట చెప్పాడు. మంచి మార్కులొచ్చిన సబ్జెక్టుల్లోనివే ఎక్కువ.

మా నాన్న ఇప్పటికీ అప్పుడప్పుడు మనవడికి ఆకు ఫొటోలు పంపుతుంటారు. మావాడు మోడల్‌కి చూపించే ముందే ఫోన్ చేసి అడిగేది ఒక్కటే:

"తాతయ్యా, కాగితం మీద తట్టి చూశావా?"